ఆదివారపు ఆరాధన, సోమవారపు న్యాయం

(అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



కార్మిక సంఘపు అధ్యయన తరగతిలో ఆరాధన గురించిన ప్రసంగమేమిటని మీలో కొందరికి సందేహం కలగవచ్చు. ఆ సందేహం సహేతుకమైనదే. మన ఫెడరేషన్ ఏ మతానికీ చెందినది కాదు. చందా రసీదు మీద కులం గాని మతం గాని వ్రాయము. గుడికి పోయేవారు, మసీదుకు పోయేవారు, చర్చికి పోయేవారు, ఎక్కడికీ పోనివారు అందరూ ఒకే డిమాండ్ల పత్రం క్రింద సంతకాలు చేస్తారు. అయితే మన సభ్యులలో ప్రతి ఆదివారం క్రైస్తవ ఆరాధనకు వెళ్ళేవారు కూడ ఉన్నారు. ఆ ఆరాధనకూ, సోమవారం ఉదయం వారు సంతకం పెట్టే హాజరుపట్టీకీ సంబంధమేమిటి? ఉండవలసిన అవసరమున్నదా? ఈ ప్రశ్నకు చరిత్ర ఒక స్పష్టమైన సమాధానం చెప్పింది. ఆ చరిత్రలో ముఖ్యపాత్ర వహించినవాడు ఒక రైల్వే కార్మికుడు. అందువల్లనే ఈ విషయం ఇక్కడ చర్చించదగినదని భావిస్తున్నాము.

క్రైస్తవుల పవిత్ర గ్రంథం ఈ విషయమై ఏమంటున్నదో ముందుగా క్లుప్తంగా చూద్దాం. క్రీస్తుకు పూర్వం ఎనిమిదవ శతాబ్దికి చెందిన ఆమోసు ప్రవక్త మందలు కాచుకొని బ్రతికినవాడు. పండుగలు, పాటలు, బలులు ఘనంగా జరుపుతూ బీదలను అణగద్రొక్కేవారి ఆరాధన దేవునికి అసహ్యమని ఆయన ప్రకటించాడు. ఆయన గర్హించిన వర్తకులు నాస్తికులు కారు, విశ్రాంతి దినాన్ని నియమంగా పాటించినవారే. కాని ఆ దినం ఎప్పుడు ముగుస్తుందా, ఎప్పుడు తప్పుడు కొలతలతో ధాన్యం అమ్ముకుందామా అని తహతహలాడినవారు. పూజ తప్పలేదు, తూకమే తప్పింది. ఆ తూకం తప్పిన చోట పూజకు విలువ లేదన్నదే ప్రవక్త తీర్పు.

విశ్రాంతి దినపు ఆజ్ఞ కూడ కేవలం ప్రార్థనకు సంబంధించినది కాదు. ద్వితీయోపదేశకాండం ప్రకారం ఆ రోజున యజమానితో పాటు దాసుడు, దాసి, పశువు, ఊరిలో ఉన్న పరదేశి కూడ విశ్రమించాలి. ఒకప్పుడు మీరూ ఐగుప్తులో బానిసలే గదా అన్నది అందుకు చెప్పిన కారణం. వీక్లీ రెస్టు కోసం పోరాడిన మనకు ఇది క్రొత్త మాట కాదు. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే చెల్లించాలని అదే గ్రంథం శాసించింది. కోత కోసినవారి కూలి బిగబట్టితే ఆ కూలియే మొరపెడుతుందని, ఆ మొర దేవునికి వినబడుతుందని యాకోబు తన పత్రికలో హెచ్చరించాడు. కొరింథు సంఘంలో కలవారు ముందుగా వచ్చి తిని త్రాగుతుంటే, లేనివారు ఆకలితో ఉండిపోయేవారు. పని ముగించుకొని రావలసిన బానిసలు, కూలీలే ఆ ఆకలిగొన్నవారని పండితులు వివరిస్తారు. అటువంటిది ప్రభువు భోజనమే కాదని పౌలు నిష్కర్షగా చెప్పాడు.

మాటలు గ్రంథంలో ఉన్నవి. మాట ఆచరణలోకి ఎట్లా వస్తుందన్నదే మనకు కావలసిన విషయం. అందుకు అమెరికా దక్షిణ ప్రాంతంలోని అలబామా రాష్ట్రానికి, మోంట్‌గొమరీ నగరానికి వెళ్ళవలసి ఉన్నది.

ఆ నగరంలో ఇ.డి. నిక్సన్ అనే నల్లజాతి కార్మికుడు ఉండేవారు. తరువాతి కాలంలో అమెరికా అధ్యక్షుడైన నిక్సన్‌కూ ఈయనకూ ఏ సంబంధమూ లేదు. 1899లో జన్మించిన ఈయనకు బడి చదువు అంతంతమాత్రమే. పుల్‌మన్ కంపెనీ స్లీపర్ బోగీలలో పోర్టరుగా పనిచేశారు. మన స్టేషన్లలో పోర్టరంటే సామాను మోసే మనిషి. అక్కడ పోర్టరంటే బోగీలో పక్కలు పరచి, బూట్లు పాలిష్ చేసి, రాత్రంతా ప్రయాణికుల పిలుపుకు లేచే అటెండెంటు. పుల్‌మన్ కంపెనీ ఈ పనికి నల్లవారినే, తొలి రోజులలో బానిసత్వం నుంచి విడుదలైనవారిని, ఎంచుకున్నది. నెలకు 400 గంటలు గాని, 11,000 మైళ్ళు గాని పూర్తి చేస్తేనే పూర్తి జీతం. పాలిష్ డబ్బా సొంత డబ్బుతో కొనుక్కోవాలి. ప్రయాణికులు పోర్టరును సొంత పేరుతో పిలవరు. యజమాని పేరు జార్జి పుల్‌మన్ గనుక పోర్టర్లందరూ వారికి 'జార్జి'లే.

1925 ఆగస్టు 25న న్యూయార్కులోని హార్లెంలో స్లీపింగ్ కార్ పోర్టర్ల యూనియన్ ఏర్పడింది. దాని నాయకుడు ఎ. ఫిలిప్ రాండాల్ఫ్. ఆయన తండ్రి ఒక పాదిరీ. అయినా చర్చి తలుపులు ఆయనకు సులభంగా తెరుచుకోలేదు. పుల్‌మన్ కేంద్రమైన షికాగోలో చాలామంది నల్లజాతి పాదిరీలు యూనియన్‌ను వ్యతిరేకించారు. కంపెనీ చర్చిలకు విరాళాలిచ్చేది, వారి సంఘస్థులకు ఉద్యోగాలిచ్చేది. అన్నం పెట్టే చేతిని కరవవద్దని వారు బోధించారు. తమ మందిరాలలో సభ జరుపుకోనిచ్చినవారు ఏ కొద్దిమందో. అంటే ఆరాధన తనంతట తానుగా న్యాయం పక్షాన నిలబడలేదు. యాజమాన్యపు కానుక పడిన పళ్ళెం దానిని ఎంతోకాలం మౌనంగా ఉంచగలిగింది. ఈ సంగతి దాచవలసిన పని లేదు.

పన్నెండేళ్ళు పోరాడి, సరిగా 1937 ఆగస్టు 25న, యూనియన్ పుల్‌మన్ కంపెనీతో ఒప్పందం సంతకం చేయించింది. నెలకు 400 గంటల పని 240 గంటలకు తగ్గింది, జీతాలు పెరిగాయి. ఈ యూనియన్ మోంట్‌గొమరీ శాఖకు నిక్సన్ చాలాకాలం అధ్యక్షులుగా ఉన్నారు. ఆయన నేర్చుకున్న విద్య అదే: సభ్యుల జాబితా తయారుచేయటం, చందా వసూలు, వినతిపత్రం, అధికారి ఎదుట తలవంచకుండా మాట్లాడటం. బోగీలో పనిచేసే పోర్టర్లు ఊరూరికీ వార్తలు మోసేవారు. షికాగోలో అచ్చయ్యే నల్లవారి పత్రికను దక్షిణాది పల్లెలకు చేరవేసినది కూడ వారే.

ఇక మోంట్‌గొమరీ బస్సుల సంగతి. ముందు పది సీట్లు తెల్లవారివి. నల్లవారు ముందు తలుపు దగ్గర డబ్బు చెల్లించి, మళ్ళీ దిగి, వెనుక తలుపున ఎక్కవలసి వచ్చేది. ఇంతలో డ్రైవరు బస్సును ముందుకు పోనిచ్చిన సందర్భాలూ ఉన్నవి. బస్సులలో ప్రయాణించేవారిలో అధిక సంఖ్యాకులు నల్లవారే, అందులోనూ తెల్లవారి ఇళ్ళలో వంట, పాచిపని చేసే స్త్రీలు.

1955 డిసెంబరు 1, గురువారం సాయంత్రం, బట్టలు కుట్టే పని ముగించుకొని వస్తున్న రోసా పార్క్స్ సీటు వదలనన్నందుకు అరెస్టయ్యారు. ఆమె పౌరహక్కుల సంఘంలో ఎన్నో ఏళ్ళు కార్యదర్శిగా పనిచేసినవారు. అంతకుముందే మార్చిలో క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేళ్ళ బాలిక ఇదే విధంగా అరెస్టయింది. కనుక ఇది ఉన్నట్టుండి పుట్టిన ఆవేశం కాదు. రోసా పార్క్స్‌ను జామీనుపై విడిపించినవారిలో ముఖ్యుడు నిక్సన్. ఆ రాత్రే కళాశాల అధ్యాపకురాలు జో ఆన్ రాబిన్సన్, సోమవారం ఎవరూ బస్సెక్కవద్దని కోరుతూ వేలాది కరపత్రాలు సైక్లోస్టైల్ చేశారు. శుక్రవారం తెల్లవారుజామున నిక్సన్ పాదిరీలకు వరుసగా టెలిఫోన్లు చేశారు. వారిలో 26 ఏళ్ళ యువ పాదిరీ మార్టిన్ లూథర్ కింగ్ ఒకరు. ఆయన ఆ ఊరికి వచ్చి అప్పటికి రెండేళ్ళు కూడ నిండలేదు. ఆలోచించుకోవటానికి కొంత వ్యవధి అడిగి, తరువాత సరేనన్నారు. ఆ సాయంత్రం కింగ్ గారి చర్చిలోనే సమావేశం జరిగింది. దానిని కూడగట్టిన నిక్సన్ మాత్రం రాలేకపోయారు. ఆయనకు బండి మీద డ్యూటీ పడింది! మన సభ్యులకు ఈ ఇబ్బంది వివరించనక్కర లేదు.

డిసెంబరు 4, ఆదివారం. నగరంలోని నల్లవారి చర్చిలలో పాదిరీలు ప్రసంగ వేదికల నుంచి బహిష్కరణ పిలుపును చదివి వినిపించారు. మరునాడు, సోమవారం, బస్సులు దాదాపు ఖాళీగా తిరిగాయి. ఆదివారం విన్న మాట సోమవారం నడకగా మారింది. మనం గ్రహించవలసిన విషయమంతా ఈ రెండు రోజుల మధ్యనే ఉన్నది.

ఆ సోమవారం మధ్యాహ్నం నాయకుల సమావేశంలో కొందరు పాదిరీలు తమ పేర్లు బయటికి రాకుండా, పత్రికలకు తెలియకుండా పని నడపాలని సూచించారు. అప్పుడు నిక్సన్ లేచి మండిపడ్డారు. ఇంతకాలం ఇళ్ళలో చాకిరీ చేసే ఈ స్త్రీల కానుకలతోనే మీరు బ్రతికారు, ఇప్పుడు వారి కోసం బహిరంగంగా నిలబడే ధైర్యం మీకు లేదా అని నిలదీశారు. ఆ అదలింపుతో సభ దారికి వచ్చింది. మోంట్‌గొమరీ అభివృద్ధి సంఘం ఏర్పడింది. కింగ్ అధ్యక్షుడు, నిక్సన్ కోశాధికారి. ఆ రాత్రి హోల్ట్ స్ట్రీట్ బాప్టిస్టు చర్చిలో వేలాది జనం చేరారు. లోపల చోటు చాలక వీధిలో నిలబడి విన్నవారే ఎక్కువ. ఒక్క రోజుకని పిలిచిన బహిష్కరణను కొనసాగించాలని వారు నిలబడి తీర్మానించారు. అది 381 రోజులు సాగింది.

మిత్రులారా, 381 రోజులు ఉద్రేకం మీద సాగవు. వాటిని నడిపించినది నిర్వహణ. మొదట వారానికి రెండుసార్లు, సోమ గురువారాలలో, ఒక్కొక్కసారి ఒక్కొక్క చర్చిలో సభ జరిగేది. పాట, ప్రార్థన, వాక్య పఠనం ఉండేవి. వాటి వెంటనే కార్ల ఏర్పాట్ల నివేదిక, జమాఖర్చులు, రేపటి సూచనలు ఉండేవి. రెంటికీ నడుమ గీత గీయటం కష్టం. దాదాపు 300 కార్లతో సొంత రవాణా వ్యవస్థ నడిచింది. తెల్లవారుజామున పనికి వెళ్ళేవారిని చర్చి ముంగిళ్ళలో ఎక్కించుకొనేవారు. విరాళాలతో కొన్న పెద్ద బండ్లను చర్చిల పేర రిజిస్టరు చేసి, వాటి పక్కల మీద చర్చి పేరు వ్రాయించారు. అందుచేత జనం వాటిని నడిచే చర్చిలన్నారు. అధికారుల వత్తిడితో భీమా కంపెనీలు పాలసీలు రద్దుచేస్తే, చివరకు లండన్‌లోని లాయిడ్స్ ద్వారా భీమా తెచ్చుకున్నారు. టైం టేబిల్, పికప్ పాయింట్లు, డిస్పాచి ఇవన్నీ మన పని వంటివే. ప్రార్థనా మందిరం ఒక చిన్న రవాణా సంస్థగా మారిందంటే అతిశయోక్తి కాదు.

డబ్బు సంగతి చెప్పాలంటే జార్జియా గిల్మోర్ గారిని తలచుకోవాలి. ఆమె వంటమనిషి. తోటి స్త్రీలను కూడగట్టి రొట్టెలు, కేకులు, భోజనాలు తయారుచేసి అమ్మి, వచ్చిన డబ్బు ప్రతి సభలోనూ కానుకగా తెచ్చి లెక్క చెప్పేవారు. ఎవరు చేశారని అడిగితే ఎవరికీ ఉద్యోగం పోకూడదు గనుక, తమ బృందానికి 'ఎక్కడిదీ కాని క్లబ్బు' అని పేరు పెట్టారు. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందంటే ఎక్కడి నుంచీ కాదనటమే! కింగ్‌పై జరిగిన విచారణలో సాక్ష్యం చెప్పినందుకు ఆమె ఉద్యోగం పోయింది. ఆమె ఇంటి వద్దనే వంట మొదలుపెట్టి ఉద్యమానికి అన్నం పెట్టారు. 1974 మే 8 నుంచి 27 వరకు సాగిన మన రైల్వే సమ్మెలో క్వార్టర్ల నుంచి కుటుంబాలను వెళ్ళగొట్టినప్పుడు పోరాటం ఎవరి వంటింటి మీద ఆధారపడిందో ఆనాటివారు చెబుతారు. ఏ సమ్మె చరిత్రలోనైనా ఆ అధ్యాయం చిన్న అక్షరాలలోనే అచ్చవుతున్నది.

వారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. 1956 జనవరి 30న కింగ్ ఇంటిపై, ఫిబ్రవరి 1న నిక్సన్ ఇంటిపై బాంబులు పడ్డాయి. నల్లవారి లూథరన్ సంఘానికి కాపరిగా ఉన్న తెల్లజాతీయుడు రాబర్ట్ గ్రేట్జ్ స్వయంగా కారు నడిపి జనాన్ని చేరవేసినందుకు ఆయన ఇంటిపైనా బాంబు పడింది. ఫిబ్రవరిలోనే, 1921 నాటి ఒక చట్టం క్రింద, దాదాపు 90 మందిపై కేసులు పెట్టారు. పోలీసులు వచ్చి పట్టుకొనేదాకా ఆగకుండా నిక్సన్ తానే నడిచి వెళ్ళి అరెస్టయ్యారు. తక్కినవారూ ఆయన వెంట వెళ్ళారు. జైలు పేరు చెబితే వణికిన జనం ఆ రోజు కచేరి ముందు నవ్వుతూ వరుస కట్టారు. చివరకు 1956 నవంబరు 13న అమెరికా సుప్రీంకోర్టు బస్సులలో వర్ణవిభజన రాజ్యాంగ విరుద్ధమన్న క్రింది కోర్టు తీర్పును ఖాయపరచింది. ఆ దావాలో వాదులు నలుగురు స్త్రీలు. వారిలో పదిహేనేళ్ళ వయసులో అరెస్టయిన కాల్విన్ ఒకరు. డిసెంబరు 21న నల్లవారు బస్సెక్కి, తమకు నచ్చిన సీట్లో కూర్చున్నారు.

విజయం తరువాతి సంగతి కూడ చెప్పుకోవాలి. పేరు ప్రఖ్యాతులు వేదికనెక్కినవారికి దక్కాయి. కరపత్రాలు అచ్చువేసిన స్త్రీలు, ఫోన్లు చేసిన పోర్టరు వెనుకకు నెట్టబడ్డారు. తనను చిన్నచూపు చూస్తున్నారన్న ఆవేదనతో 1957లో నిక్సన్ కోశాధికారి పదవికి రాజీనామా ఇచ్చారు. న్యాయం కోసం ఏర్పడిన సంఘంలో కూడ న్యాయాన్ని కాపాడుకుంటూ ఉండవలసినదే. ఇది చర్చికీ వర్తిస్తుంది, యూనియన్‌కూ వర్తిస్తుంది.

ఈ కథకు మన దేశంతో ఒక ముడి ఉన్నది. మోంట్‌గొమరీ వార్త పత్రికలలో వచ్చిన రోజులలో జేమ్స్ లాసన్ అనే నల్లజాతి యువకుడు నాగపూరులోని హిస్లాప్ కళాశాలలో పనిచేస్తున్నారు. కొరియా యుద్ధానికి వెళ్ళనని జైలుకెళ్ళి, మెథడిస్టు మిషను తరఫున 1953లో ఇక్కడికి వచ్చి, గాంధీజీ సత్యాగ్రహ పద్ధతిని అధ్యయనం చేసినవారు. నాగపూరు పత్రికలోనే ఆయన ఆ వార్త చదివారు. 1956లో స్వదేశానికి తిరిగి వెళ్ళి, కింగ్‌తో చేతులు కలిపి, చర్చి గదులలో యువకులకు అహింసా శిక్షణ ఇచ్చారు. 1959లో కింగ్ కూడ మన దేశానికి వచ్చి నెల రోజులు పర్యటించారు.

1968లో లాసన్ మెంఫిస్ నగరంలో పాదిరీ. ఫిబ్రవరి 1న అక్కడ వర్షానికి చెత్త లారీ వెనుక తలదాచుకున్న ఇద్దరు పారిశుద్ధ్య కార్మికులు యంత్రంలో నలిగి మరణించారు. ఆ నెల 12 నుంచి సుమారు 1,300 మంది సమ్మెలోకి దిగారు. 'నేను మనిషిని' అన్న అట్టలు పట్టుకొని ప్రతిరోజూ ఒక చర్చి నుంచి ఊరేగింపుగా బయలుదేరారు. లాసన్ ఆహ్వానంపై వారికి మద్దతుగా వెళ్ళిన కింగ్‌ను ఏప్రిల్ 4న కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరపాలక సంస్థ యూనియన్‌ను గుర్తించి, జీతాలు పెంచి ఒప్పందానికి వచ్చింది. నోబెల్ శాంతి బహుమతి పొందిన మతాచార్యుడు ప్రాణం విడిచినది చెత్త ఎత్తే కార్మికుల సమ్మెలో అన్న సంగతి మనం మరువరాదు.

ఇక మన సంగతి. నిక్సన్ చేసిన పనిని మన ఏ.సి. బోగీలలో ఈనాడు చేస్తున్నవారెవరు? దుప్పట్లు, దిండ్లు అందించే కోచ్ అటెండెంటు కాంట్రాక్టరు మనిషి. బోగీలు కడిగే స్త్రీ కాంట్రాక్టు కార్మికురాలు. పల్లెలో ఉత్తరం అందించే గ్రామీణ డాక్ సేవక్, పూర్వపు ఇ.డి. ఉద్యోగి, సివిల్ పోస్టులో ఉన్నవాడేనని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పినప్పటికీ శాఖాపరమైన రెగ్యులర్ ఉద్యోగి కాడు. ఆదివారం ఆరాధనలో వీరు మన సభ్యుల ప్రక్కనే కూర్చుంటారు. ఒకే పాట పాడతారు, ఒకే రొట్టె పంచుకుంటారు. సోమవారం వారు వేరు, మనం వేరు. కొరింథు సంఘంలో ఆలస్యంగా వచ్చి ఆకలితో మిగిలినవారు వీరే కదా!

చర్చి లోపలి సంగతి కూడ చూడాలి. తిరుచిరాపల్లిలో ఒక క్రైస్తవ శ్మశానంలో దళితుల సమాధులను వేరుచేస్తూ గోడ కట్టారు. చనిపోయినవారిని కూడ కులం వదలలేదు. మరొక వైపు 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు క్రైస్తవ మతం స్వీకరించిన దళితునికి షెడ్యూల్డు కులపు హోదా లేకుండా చేసింది. 1956లో సిక్కులకు, 1990లో బౌద్ధులకు ఆ ఉత్తర్వును సవరించినా క్రైస్తవ దళితులకు ఆ సవరణ రాలేదు. మతం మారినా అంటరానితనం మారలేదు, రక్షణ మాత్రం పోయింది. దీని ఫలితం ఉద్యోగ నియామకాలలో మన సభ్యుల కుటుంబాలకు నేరుగా తగులుతున్నది.

కనుక మేము కోరేది మూడు పనులు. మొదటిది, కాంట్రాక్టు కార్మికుని జీతం సకాలంలో అందిందా, పి.ఎఫ్. జమ అయిందా అని ప్రతి శాఖ నెలకొకసారి విచారించాలి. కాంట్రాక్టరు జీతం ఎగగొడితే అసలు యజమాని చెల్లించవలసినదేనని 1970 నాటి చట్టం చెప్పింది, క్రొత్త లేబర్ కోడ్‌లోనూ ఆ సూత్రం నిలిచింది. చట్టం ఉన్నది, అడిగే నోరు కావాలి. రెండవది, పర్వదినాలలో డ్యూటీలు మార్చుకోవటం. క్రిస్మసునాడు హిందూ, ముస్లిం సోదరులు, దీపావళి, రంజాన్‌లనాడు క్రైస్తవ సోదరులు డ్యూటీ తీసుకొనే సంప్రదాయం చాలాచోట్ల ఉన్నది. దానిని రోస్టరులోనే వ్రాయించాలి. మూడవది, క్రైస్తవ సభ్యులకు ప్రత్యేకంగా చెబుతున్నాము. మీ సంఘపు కమిటీలలో మీరు పెద్దలు, కోశాధికారులు. అక్కడ ఊడ్చే మనిషికి ఎంత జీతమిస్తున్నారో, శ్మశానంలో ఎవరికి ఎక్కడ చోటిస్తున్నారో అడగండి. ప్రశ్న మందిరం బయట మాత్రమే అడిగితే అది సగం ప్రశ్న.

ప్రార్థన వల్ల జీతాలు పెరగవని కొందరు, పోరాటం వల్ల ఆత్మశాంతి పోతుందని కొందరు అంటారు. మోంట్‌గొమరీలో నడిచిన జనం ఈ రెంటినీ నమ్మలేదు. వారికి చర్చి ధైర్యాన్ని, హాలును, కానుకల పళ్ళేన్ని ఇచ్చింది. యూనియన్ పద్ధతిని, లెక్కను, వెనుదిరగని అలవాటును ఇచ్చింది. ఏ ఒక్కటి కొరవడినా 381 రోజులు నడిచి ఉండేవారు కారు. వచ్చే ఆదివారం ఆరాధనకు వెళ్ళే సభ్యులు వెళ్ళిరండి. సోమవారం ఉదయం డ్యూటీ ఎక్కేముందు మీ బోగీ కడిగిన మనిషి పేరేమిటో, ఆమెకు పోయిన నెల జీతం అందిందో లేదో కనుక్కోండి. అందకపోతే శాఖ కార్యదర్శికి వ్రాతపూర్వకంగా తెలియజేయండి. తక్కిన పని మనమందరం కలిసి చేద్దాం.